రిబ్కమ్మ భయం, మా వేడి నేల

రిబ్కమ్మ ఎప్పుడూ కూతురి వెనకే నడుస్తుంది. తను ముందు నడిస్తే వెనక పిల్ల కూలిపోయినా తెలియదని ఆమె భయం. లేయాకు ఇరవై ఒకటో ఏడు. ఊక బస్తా భుజాన వేసుకుని చకచకా నడిచే పిల్ల. అయినా తల్లికి మాత్రం ఆ పిల్ల ఇప్పుడో ఇంకాసేపటికో గుండె పట్టుకుని పడిపోయేలాగే కనిపిస్తుంది. ఎందుకంటే రిబ్కమ్మ భర్త ఇన్నయ్య ముప్పై ఎనిమిదేళ్లకే గుండె ఆగి పోయాడు. అలాగని అందరూ చెప్పారు. ఆ జబ్బు రక్తంలో వస్తుందని ఎవరో ఆమె చెవిన వేశారు.

నా పేరు రాజ్యలక్ష్మి. ముసునూరు దాటాక మామిడి తోటల మధ్య మాకో కోళ్ల ఫారం ఉంది. బోర్డు మీద మా ఆయన కృష్ణకాంత్ పేరుంటుంది, పని నా నెత్తిన ఉంటుంది. నాకు నోరెక్కువని తోటలో చెట్లక్కూడా తెలుసు. రిబ్కమ్మ మా దగ్గర చేరి పదిహేనేళ్లు దాటింది. ఇప్పుడు లేయా కూడా మా దగ్గరే చేస్తోంది. తల్లి కంటికి కనబడే దూరంలో ఉండాలి కాబట్టి ఆ పిల్లకు ఇంకో ఉద్యోగం చేసే దారి లేదు.

బళ్లో ఉన్నప్పుడు లేయా కబడ్డీ బాగా ఆడేదట. ఒకరోజు రిబ్కమ్మ మా ఫారంలో పని వదిలేసి, చేతులకు అంటిన మేత దులుపుకోకుండానే బడికి పరిగెత్తి, ఆట మధ్యలోంచి పిల్లను చెయ్యి పట్టుకుని ఇవతలకు లాక్కొచ్చింది. అందరి ముందూ. ఆ తర్వాత లేయా ఇంకెప్పుడూ ఆడలేదు. మామిడికాయల కోతకు వెళ్తానంటే నిచ్చెన ఎక్కుతుందని పంపలేదు. ఏటా క్రిస్మస్ ముందు నూజివీడు తీసుకెళ్లి ఈసీజీ తీయించేది. ఆ కాగితం మీద గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయని డాక్టర్లు చెప్పినా నమ్మేది కాదు. "మా ఆయనకి కూడా ముందురోజు దాకా ఏమీ లేదండీ, రాయిలా ఉన్నాడు" అనేది. పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్లిన రోజు ఒక్కటే కాస్త కుదుటపడేది. మర్నాటికి మళ్లీ మామూలే.

నేను ఆమెను చాలాసార్లు కసిరాను. "నీ భయంతోనే ఆ పిల్ల గుండె ఆగుతుంది చూడు" అని కూడా అన్నాను ఒకసారి. అన్నందుకు ఇప్పుడు నా నాలుక కోసేసుకోవాలనిపిస్తుంది. ఎందుకంటే నాకు నిజం తెలుసు. ఇన్నయ్య గుండె ఆగి పోలేదు.

పన్నెండేళ్ల కిందటి మాట. అప్పట్లో మా పిల్లల షెడ్డును బొగ్గుల కుంపట్లతో వెచ్చగా ఉంచేవాళ్లం. పిల్లలంటే కోడిపిల్లలు. గుడ్లు పొదిగించే హేచరీ నుంచి అట్టపెట్టెల్లో వచ్చే ఒక్కరోజు పిల్లలకు వాటి ఒంటి వేడి చాలదు. మొదటి పది రోజులూ మనమే వేడి ఇవ్వాలి. చలి బాగా పడిందని ఒక జనవరిలో మా మామగారు లక్ష్మీనరసింహారావు గారు షెడ్డు చుట్టూ పరదాలు దింపించి, లోపల రెండు కుంపట్లు పెట్టించి, ఇన్నయ్యను కాపలా కూర్చోబెట్టారు. తెల్లారేసరికి గోడకు ఆనుకుని నిద్రపోయినట్టే ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి చూసి, మా మామగారిని వరండాలోకి పిలిచి, "ఇది బొగ్గు పొగండీ. తలుపులన్నీ మూసి నిప్పు పెడితే ఇంతే. మనిషికి తెలియకుండానే తీసుకుపోతుంది" అన్నాడు. నేను తలుపు చాటున ఉన్నాను. మా మామగారు ఒకసారి షెడ్డు వైపు చూశారు. తర్వాత, "గుండె అని చెప్పండి" అన్నారు.

పోలీసులొస్తారని ఆయన భయం. పదిమందిలో తల దించుకోవాలని నా భయం. రిబ్కమ్మ తొమ్మిదేళ్ల పిల్లను ఒళ్లో వేసుకుని మా వాకిట్లో ఏడుస్తుంటే ఒక్క మాట చెప్పలేకపోయాను. మామగారు కుంపట్లను స్టోరు గదిలో పైన పెట్టించి గ్యాసుతో పైనుంచి వేడినిచ్చే బ్రూడర్లు తెప్పించారు. ఎందుకు మార్చారని ఎవరూ అడగలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయనతో పాటే ఆ సంగతి కూడా పోయిందనుకున్నాను.

రెండేళ్ల కిందట మా ఆయన వేడి నేల వేయించాడు. షెడ్డులో పాత గచ్చు తవ్వించి, కింద థర్మోకోల్ పలకలు పరిపించి, వాటి మీద ప్లాస్టిక్ పైపులు జంతికల చుట్టల్లా తిప్పించి, పైన నాలుగంగుళాల కాంక్రీటు పోయించాడు. షెడ్డుకు బాగా అవతల ఒక బాయిలరు. అందులో కత్తిరించిన మామిడి కొమ్మలూ ఊకా వేసి నీళ్లు కాస్తారు. ఆ వేడి నీళ్లను మోటారు పైపుల్లో తిప్పుతుంది. నిప్పు బయటే ఉంటుంది, వెచ్చదనం మాత్రం నేలలోంచి వస్తుంది. చూడటానికి ఏమీ ఉండదు. నాకు మొదట్నుంచీ నచ్చనిది అదే. ఎర్రగా మండేది కళ్లకు కనబడకపోతే వేడి ఉన్నట్టు నా మనసుకు ఎక్కదు.

రిబ్కమ్మ అయితే మొదటి వారం మునివేళ్ల మీద నడిచింది.

"కింద నిప్పుందంటే ఎట్టా నిలబడేదండీ? నేల పగిలితే?"

"నిప్పు కాదే తల్లీ, వేణ్ణీళ్లు."

"వేణ్ణీళ్లయితే మాత్రం? లేయాని లోపలికి పంపనండి. వేడికి గుండె దడ వస్తదంట."

కానీ మా అందరికంటే ముందు ఆ నేలను అర్థం చేసుకున్నది ఆమే. గ్యాసు బ్రూడర్ల కింద పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అడుగున ఉన్నవి నలిగి చచ్చేవి. మూలల్లో చలి, మధ్యలో మాడు. ఇప్పుడు షెడ్డంతా ఒకే వెచ్చదనం, అందుకని ఎక్కడివక్కడ ఆరబోసిన వడ్లలా పరుచుకుని పడుకుంటున్నాయి. కింద పరిచిన ఊక ఎప్పుడూ పొడిగానే ఉంటోంది కాబట్టి కళ్లు మండించే ఆ పాత ఘాటు వాసన లేదు. లేయాకు మూడేళ్లుగా వదలని దగ్గు పోయింది. కాసేపు తలుపు తీసి మంచి గాలి రానిచ్చినా పిల్లలు వణకవు. పొట్ట కింద నేల వెచ్చగా ఉంటే పైన గాలి కాస్త చల్లగా ఉన్నా వాటికి పట్టదు. రిబ్కమ్మకు మోకాళ్ల నొప్పులు. మధ్యాహ్నం అన్నం తిన్నాక చెప్పులు విడిచి ఆ నేల మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. "ఇది కోళ్లకి కాదండీ, నాకే వేయించారు సారు" అనేది. ఆమె నవ్వగా నేను చూసింది అలాంటప్పుడే.

ఒకసారి సురేష్ మోటారు బాగుచేయడానికి పొద్దున్నే ఆపేశాడు. సురేష్ బాయిలరు చూసే మనిషి, యాభై దాటినవాడు. అది మళ్లీ తిరిగేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా రిబ్కమ్మ అరగంటకోసారి నేల మీద చెంప ఆనించి చూస్తూనే ఉందట. నా దగ్గరకొచ్చి, "అమ్మగారూ, మోటారు ఆగినా నేల చల్లారలేదండి. అన్నం వేళ దాకా వెచ్చగానే ఉంది. అంత మందం కదండీ, వేడి పట్టేసుకుంది" అంది. నేను మేత లోడు దింపించుకుంటూ ఊఁ కొట్టాను. వినలేదు.

మొన్న డిసెంబరులో తుఫాను పట్టింది. ఐదు వేల పిల్లలు దిగి అప్పటికి రెండో రోజు. ఉంగుటూరులో కోతకొచ్చిన చేను మునిగిందని మా ఆయన పొద్దున్నే వెళ్లాడు. తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. జనరేటర్లోకి నీళ్లు వెళ్లాయి, ఎంత తిప్పినా ఉలకలేదు. మోటారు ఆగింది. నీళ్లు తిరగకపోతే బాయిలరు పొంగుతుందని సురేష్ మంట లాగేశాడు. అంతలో పెద్ద కోళ్ల షెడ్డు మీద మామిడి కొమ్మ విరిగిపడితే అతనూ రిబ్కమ్మా అటు పరిగెత్తారు.

పిల్లల షెడ్డు దగ్గర నేనూ లేయా మిగిలాం. గాలికి పరదాలు ఫటఫట కొట్టుకుంటున్నాయి, లోపల చీకటి. ఐదు వేల పిల్లలూ ఒక్కసారిగా అరుస్తున్నాయి. పిల్లలు అరిస్తే చలి అన్నది మా ఫారాల్లో అందరికీ మొదట నేర్పే పాఠం. బ్యాచ్ మొత్తం పోతుంది, మా ఆయన వచ్చేసరికి గుట్టలుగా చచ్చి ఉంటాయి, అంతా నా చేతుల మీదుగానే, అన్న భయం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

"లేయా, స్టోరు గదిలో పైన కుంపట్లున్నాయి. దించు. పరదాలు అన్నివైపులా కట్టేయ్."

"నేల వెచ్చగానే ఉంది కదండీ? మోటారు ఆగినా మధ్యాహ్నం దాకా ఉంటదని అమ్మ..."

"మీ అమ్మా, మీ నేలా! పిల్లలెలా ఏడుస్తున్నాయో వినబడట్లేదా? చెప్పింది చెయ్యి!"

ఆ పిల్ల పరదాలు కట్టేసి కుంపట్లు దించింది. నేనే బొగ్గులు రాజేశాను. నా చేతులతోనే రాజేశాను. ఇన్నయ్య గుర్తుకు రాలేదా అంటే రాలేదు. ఇది ఎవరు నమ్ముతారో నాకు తెలియదు. పన్నెండేళ్లు కడుపులో దాచుకున్న సంగతి, అక్కరకొచ్చే ఒక్క గంటలో భయం దాన్ని ఎక్కడికో నెట్టేసింది. "పిల్లలు కుంపట్ల మీదకు పోకుండా చూస్తూ లోపలే ఉండు" అని చెప్పి, ఫోను సిగ్నలు కోసం కారులో రోడ్డెక్కాను. జనరేటరు మెకానిక్ దొరికి, వస్తానని ఒప్పుకునేసరికి ముప్పావుగంట పట్టింది.

తిరిగి గేటు దగ్గరకు వచ్చేసరికి రిబ్కమ్మ కేక వినబడింది. మాట కాదు, ఒట్టి కేక. వర్షంలో పరిగెత్తాను. రిబ్కమ్మా సురేషూ బయటకు మోసుకొచ్చినట్టున్నారు, షెడ్డు ముందు బురదలో లేయా వెల్లకిలా ఉంది. రిబ్కమ్మ ఆ పిల్ల రొమ్ము మీద రెండు చేతులతో గుద్దుతోంది.

"ఆగిపోయిందండీ! నాన్నకి మల్లేనే ఆగిపోయింది! కూర్చున్నది కూర్చున్నట్టే ఉందండీ, పిలిస్తే పలకలేదు!"

నేను లేయా ముఖం చూశాను. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు నేను ఇంతకుముందు చూశాను. ముక్కు దగ్గర వేలు పెడితే సన్నగా ఊపిరి తగిలింది.

"సురేష్! పరదాలు కోసేయ్! అన్నీ! కుంపట్లు బయట పారెయ్యి!"

"చలికి పిల్లలు పోతాయండీ!"

"పోతే పోనీ!"

లోపలికి దూరి నేనే ఒక కుంపటిని గోనెపట్టాతో పట్టి బయటకు లాగాను. అప్పుడు చూశాను. కుంపట్ల చుట్టూ ముప్పై నలభై పిల్లలు చచ్చి పడున్నాయి. మిగతావన్నీ కుంపట్లకు వీలైనంత దూరంగా గోడల వెంట పరిచినట్టున్నాయి. కాలుజారి ఊకలో చెయ్యి ఆనించాను. నేల పొద్దున ఎలా ఉందో అలాగే వెచ్చగా ఉంది. వాటికి చలే లేదు. చీకటికీ గాలి చప్పుడుకీ అరిచాయి, అంతే. ఒక్కసారి వంగి నేల మీద అరచెయ్యి పెట్టి ఉంటే నాకు తెలిసేది.

నూజివీడు దారిలో రెండుచోట్ల చెట్లు పడ్డాయి. తోటల్లోంచి మళ్లించి నడిపాను. కారు ఎక్కడ దిగబడుతుందోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాను. వెనక సీట్లో రిబ్కమ్మ లేయా తలను ఒళ్లో పెట్టుకుని రొమ్ము రుద్దుతూనే ఉంది. "ఆగకూడదు ప్రభువా, దీని గుండె ఆగకూడదు" అని ఒకటే మాట. నేను అద్దాలన్నీ దించాను. వర్షం లోపలికి కొట్టింది.

"తడుస్తదండీ పిల్ల!"

"గాలి తగలనీ."

గుండె కాదే, పొగ, గాలి తగిలితే తేరుకుంటుంది అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట చెప్తే ఆమెకు కాస్తయినా ధైర్యం వచ్చేది. చెప్తే రెండో ప్రశ్న వస్తుంది, మీకెలా తెలుసని. లేయా చావుబతుకుల్లో ఉండగా నేను ఆ రెండో ప్రశ్నకు భయపడ్డాను. నేనెలాంటి మనిషినో ఆ దారిలో నాకు పూర్తిగా తెలిసింది.

ఆసుపత్రిలో ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు చిన్న వయసు అమ్మాయి, పేరు మెర్సీ. గంటన్నర గడిచాక లేయా కళ్లు తెరిచి "అమ్మా, తలనొప్పి" అంది. రిబ్కమ్మ డాక్టరు కాళ్ల మీద పడబోయింది.

"గుండెకి మందు రాయండమ్మా, ఎంత దూరమైనా తీసుకుపోతాను. దీని నాన్నకి కూడా ఇట్టాగే అయింది. అప్పుడు ఆయన్ని తీసుకురాలేకపోయాం."

"గుండె జబ్బు కాదమ్మా. బొగ్గు పొగ పట్టింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే కష్టమయ్యేది" అంది మెర్సీ. తర్వాత ఆమె చేతిలో కలం ఆగింది. "వాళ్ల నాన్నకి ఇలాగే అంటే?"

"కోళ్ల షెడ్డులోనే కూర్చున్నాడమ్మా కాపలాకి. తెల్లారి చూస్తే నిద్రపోయినట్టే ఉన్నాడు. బుగ్గలు కూడా ఇట్టాగే ఎర్రగా. గుండె ఆగిపోయిందన్నారు."

"లోపల నిప్పుందా అప్పుడు?"

"చలికాలం కదమ్మా. కుంపట్లు ఉన్నాయి."

మెర్సీ తలెత్తి నా వైపు చూసింది. ఆమెకు తెలిసిపోయింది. రిబ్కమ్మ ఆమె ముఖం చూసి, ఆ చూపు వెంట తనూ నా వైపు తిరిగింది. ఇంకో అబద్ధం ఆడటానికి కూడా వీలుంది ఆ క్షణాన. మా మామగారి మీదకు నెట్టేయచ్చు, నాకేమీ తెలియదనచ్చు.

"ఇన్నయ్యది గుండె కాదు రిబ్కమ్మా. పొగే. ఆ రోజే తెలుసు మాకు. నేను విన్నాను."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను కూడా. ఆమె డాక్టరు వైపు తిరిగింది.

"అయితే అమ్మా, మా లేయా గుండెకి ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"రక్తంలో వచ్చేది కాదా?"

"కాదమ్మా. మీ ఆయనకి గుండె జబ్బే లేదు."

రిబ్కమ్మ మంచం కోడు పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడింది. ఏడుపు కాసేపటికి గానీ బయటకు రాలేదు. వచ్చాక వార్డులో అందరూ తిరిగి చూశారు. లేయా ముఖానికి పెట్టిన గొట్టంతోనే లేవబోయింది, నర్సు పట్టుకుంది.

"పన్నెండేళ్లు పరిగెత్తనివ్వలేదండీ దాన్ని" అంది రిబ్కమ్మ. నాతో కాదు, ఎవరితోనూ కాదు. "పన్నెండేళ్లు. బంగారం లాంటి గుండెని పెట్టుకుని."

నేను వంగి ఆమె భుజం పట్టి లేపబోయాను.

"ముట్టుకోకండి అమ్మగారూ" అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇన్నేళ్లలో నేను రిబ్కమ్మను ముట్టుకోబోవడం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది.